చివరకు మిగిలినవి... ఇచ్చినవే!

పుస్తకం పరుల చేతికి వెళ్లిందంటే పోయినట్టేనన్నది పాత నానుడి. విజయవాడలోని ఓ రిటైర్డ్ టెలిఫోన్ ఆపరేటర్ కూడా యాభై ఏళ్లపాటు అదే నమ్మారు. బుడమేరు వచ్చి ఆ నమ్మకాన్ని తలకిందులు చేసింది. ఇంట్లో భద్రంగా దాచుకున్నవన్నీ పోయాయి. పరుల చేతికి వెళ్లినవే తిరిగొచ్చాయి!

2024 సెప్టెంబరు 1, ఆదివారం. అజిత్‌సింగ్‌నగర్‌లోని ఆ ఇంటి వాకిట్లోకి నీళ్లొచ్చేసరికి ఆమె కాఫీ కలుపుకుంటున్నారు. పెద్దగా కంగారు పడలేదు. బుడమేరు ఆమెకు కొత్త కాదు మరి. 2005లో పొంగినప్పుడు మోకాలి లోతు నీళ్లు చూశారు. అప్పట్నుంచీ నాలుగు పుస్తకాల బీరువాల్లోనూ అడుగు అర ఖాళీగా ఉంచడం అలవాటు చేసుకున్నారు. ఈసారీ అంతేలే అనుకుని రెండో అరలో పుస్తకాలను మూడో అరలోకి సర్దారు. కాసేపటికి నీళ్లు మూడో అరను కూడా అందుకున్నాయి. మంచం మీద పేర్చిన పుస్తకాలు మంచంతో సహా తేలడం మొదలయ్యాక, మేడమీద అద్దెకుండే కుర్రాడు పరుగున వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లాడు.

'మెట్లెక్కాక చేతిలో ఏముందా అని చూసుకుంటే కాఫీ గ్లాసు! పుస్తకాల పిచ్చిదాన్నని ఊరంతా పేరు. తీరా ప్రాణం మీదికొచ్చేసరికి నేను పట్టుకొచ్చుకున్నది కాఫీ గ్లాసు' అని నవ్వుతారామె.

ఆమెకు డెబ్భై దాటాయి. వీధిలో పిల్లలందరికీ ఆవిడ 'పుస్తకాల మామ్మ'. తన పేరు రాయొద్దన్నది ఆమె పెట్టిన ఒకే ఒక్క షరతు. 'నా పేరుతో ఎవరికేం పని? పుస్తకాల పేర్లు రాయండి, ఎవరైనా కొనుక్కుంటారు' అంటారు.

అటక మీది షాడో

మేడమీద ఆరు రోజులు. కరెంటు లేదు, ఫోన్లో ఛార్జింగ్ లేదు. బుడమేరు గట్టుకు పడిన గండ్లు పూడ్చడానికి సైన్యం దిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహిస్తున్న రోజులవి. పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్లు... ఏది తిండి పొట్లాలు తెస్తుందా అని జనం మేడల మీద నిలబడి చూసేవారు. ఆ మేడమీద రెండు కుటుంబాలు, నలుగురు పిల్లలు. రెండో రోజుకే పిల్లలు ఏడుపులు, పేచీలు మొదలెట్టారు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, వంటింటి అటక. నీళ్లు ఛాతీ లోతు దాకా వచ్చినా అటకను మాత్రం తాకలేదు. కుర్రాడు మళ్లీ నీళ్లలోకి దిగి, అటక మీదున్న అట్టపెట్టెను నెత్తిన పెట్టుకుని తెచ్చాడు. అందులో ఏమున్నాయనుకున్నారు? విశ్వనాథ, చలం, బుచ్చిబాబు కాదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో! మొత్తం ఇరవై మూడు పుస్తకాలు. అన్నీ ఆమె భర్తవి. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి 2011లో కన్నుమూసిన ఆయనకు అవే ప్రాణం. 'చుట్టాలొస్తే ఇవి కనపడకూడదండీ' అంటూ వాటిని అటకెక్కించింది ఆవిడే.

'మంచి పుస్తకాలని గాజు తలుపుల బీరువాలో పెట్టినవన్నీ మునిగిపోయాయి. పనికిరానివని పైకి విసిరేసినవి ప్రాణం పోశాయి. ఆయన పైనుంచి చూసి ఎంత నవ్వుకున్నారో!' అంటారామె.

ఆ నాలుగు రోజులూ వెలుతురున్నంతసేపు షాడో సాహసాలు పైకి చదివి వినిపించారు. మొదట పిల్లలు చుట్టూ చేరారు. తర్వాత పెద్దలు. పక్క మేడ వాళ్లు పిట్టగోడకు ఆనుకుని 'మామ్మగారూ, కొంచెం గట్టిగా...' అని అరిచేవారట. తిండి పొట్లం కోసం ఎదురుచూస్తున్న మనుషులు, తర్వాతి పేజీ కోసం కూడా ఎదురుచూశారు.

లైట్నింగ్ కాల్‌కీ, అర్జంట్ కాల్‌కీ నడుమ...

ఆమె చదువు కథ తెలియాలంటే ట్రంక్ ఎక్స్ఛేంజిలోకి వెళ్లాలి. 1973లో ఇరవయ్యేళ్ల వయసులో విజయవాడ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్‌గా చేరారు. ఊరు దాటి మాట్లాడాలంటే ట్రంకాల్ బుక్ చేసుకోవాల్సిన కాలమది. ఆర్డినరీ, అర్జంట్, లైట్నింగ్ అని మూడు రకాలు. ఆర్డినరీ అయితే గంటల తరబడి పడిగాపులే. ఆపరేటర్ చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని, బోర్డులో తీగ ఒక్కో రంధ్రంలోకి గుచ్చి ఊళ్లకు ఊళ్లు కలపాలి. మూడు నిమిషాలైతే గుర్తుచేయాలి.

రాత్రి డ్యూటీలో రెండు దాటాక కాల్స్ పల్చబడతాయి. అప్పుడు ఒళ్లో పుస్తకం తెరుచుకునేది. ఎక్స్ఛేంజికి వెళ్లే దారిలోనే అద్దె పుస్తకాల షాపు. రోజుకు పావలా. రెండో రోజుకు ఇంకో పావలా. 'పావలా మిగుల్చుకోడానికి ఒక్క రాత్రిలో నవల పూర్తిచేసేదాన్ని. నాకు వేగంగా చదవడం నేర్పింది ఏ మాస్టారూ కాదు, ఆ పావలా!'

యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' అలా చదివిందే. రంగనాయకమ్మ 'బలిపీఠం' అలా చదివిందే. వారపత్రికల సీరియళ్లయితే మరో పద్ధతి. వారం వారం ఆ పేజీలు జాగ్రత్తగా చింపి దాచడం, సీరియల్ పూర్తికాగానే బైండింగ్ షాపుకివ్వడం. పేజీ వెనకాల సబ్బు ప్రకటనో, వంటల శీర్షిక సగమో ఉండేది. తెలుగిళ్లలో ఎందరో ఆడవాళ్లు ఇలాంటి సొంత ప్రచురణకర్తలే ఆ రోజుల్లో! అట్ట మీద బైండరు బంగారు రంగు అక్షరాలతో పేరు వేసిచ్చేవాడు. ఒక్కోసారి తప్పులతో సహా.

జీతంలోంచి పుస్తకాలు కొనడం మొదలెట్టాక ఏలూరు రోడ్డు విశాలాంధ్ర, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాలు ఆమెకు పుట్టిళ్లయ్యాయి. భార్య చదివే పుస్తకాలు ఆయన చదివేవారు కాదు. కానీ ఆమె ఏ పుస్తకం కొన్నా మొదటి పేజీలో తేదీ, కొన్న చోటు, ధర తన చేత్తో రాసేవారు. బస్సుకు సర్వీసింగ్ చేశాక రిజిస్టరులో రాస్తారు చూడండి, అచ్చం అలాగే. కొన్నిసార్లు ఇంకో ముక్క జతయ్యేది. 'వాన. ఇద్దరం తడిశాం' అని ఒకదానిలో. 'బేరం కుదరలేదు, అయినా కొంది' అని మరోదానిలో.

తెరుచుకోని బీరువాలు

నీళ్లు తగ్గాక కిందికి దిగి చూస్తే నేలంతా నల్లటి బురద. ఇల్లిల్లూ అగ్నిమాపక యంత్రాల నీళ్లతో కడుగుతున్నారు. వీధి పొడవునా పరుపులు, సోఫాలు, ఫ్రిజ్‌లు గుట్టలుగా పోసి ఉన్నాయి. ఆమె ఇంట్లో ఇనుప బీరువాలు మాత్రం తెరుచుకోలేదు. తాళం తుప్పుపట్టి కాదు. నీళ్లు పీల్చుకున్న కాగితం ఉబ్బుతుంది కదా! ఒకదాన్నొకటి ఒత్తుకుని తలుపులనూ పక్క రేకులనూ బిగించేశాయి. గునపం పెట్టి తీయాల్సి వచ్చింది. లోపల పుస్తకాలు కాదు, ఇటుకలు. ఒక్కో అర ఒక్కో ముద్ద.

రిజిస్టరు లెక్క ప్రకారం 1,640 పుస్తకాలు. మున్సిపాలిటీ ట్రాక్టరుకు రెండు ట్రిప్పులు.

'కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు. అమ్మా, లిస్టు రాసివ్వు, అన్నీ కొనిపెడతా అన్నాడు. వాడి ప్రేమ నాకు తెలుసు. కానీ కొనగలిగేవి ఏవి? వేయిపడగలు దొరుకుతుంది. వారం వారం నేను చింపి కుట్టించుకున్న సీరియల్ ఎక్కడ దొరుకుతుంది? వాన, ఇద్దరం తడిశాం అని రాసున్న పేజీ ఎక్కడ దొరుకుతుంది?'

అయినా లిస్టు రాయడానికి కూర్చున్నారు. మొదటి రోజు మూడొందల పేర్లు రాశారు. మర్నాడు ఒక్కో పేరు ముందూ ఆగి తనను తానే అడిగారు: ఇది మళ్లీ చదువుతానా? లేక ఇంట్లో ఉంటే బాగుండుననా? నిజం చెప్పుకోవాల్సి వచ్చింది. పోయినవాటిలో మూడో వంతు ఆమె అసలు చదవనివే! 'అరలో ఉన్నాయి కదా, ఎప్పుడో చదువుతాలే' అనుకున్నవి. చదివినవాటిలోనూ చాలావరకు మనసులో ఉండనే ఉన్నాయి. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లో ముసలివాడు, అతని పంది, ఆ ఒక్క రాత్రి అడవి... కళ్లు మూసుకుంటే పేజీలు కదులుతున్నాయి. అలాంటివి కొట్టేసుకుంటూ పోతే మూడొందలు కాస్తా నలభై అయ్యాయి.

ఇంకో లెక్క కూడా వేశారు. నెలకు నాలుగు పుస్తకాలు చదివితే ఏడాదికి నలభై ఎనిమిది. కళ్లు ఇంకో పదేళ్లు సహకరిస్తాయనుకుంటే 480. 'పదహారొందల పుస్తకాల కోసం ఏడుస్తున్నానా, నాకిక మిగిలింది అయిదొందలు కూడా లేవు! ఆ అయిదొందల్లో పాతవెన్ని, కొత్తవెన్ని? అదీ ప్రశ్న.'

అప్పులవాళ్లు వచ్చారు

సరిగ్గా అప్పుడే వింత జరిగింది. దసరా దాటిన వారం ఓ ఆటో డ్రైవరు గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో క్యారీబ్యాగు. 'అమ్మగారూ, మా అమ్మాయి పదో తరగతిలో ఉన్నప్పుడు పట్టుకెళ్లిందండీ. ఇవ్వడం మర్చిపోయాం. మీ ఇల్లు మునిగిందని తెలిసింది' అన్నాడు. లోపల రెండు పుస్తకాలు. ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

తర్వాత మొగల్రాజపురం నుంచి ఓ టైలరమ్మ. గుంటూరు నుంచి పాత సహోద్యోగి. హైదరాబాద్‌లో ఉండే మేనల్లుడు పందొమ్మిదేళ్ల కిందట పట్టుకెళ్లి, ఎన్నిసార్లు అడిగినా 'ఎక్కడో పెట్టానత్తా' అంటూ దాటేసిన 'వేయిపడగలు' కొరియర్‌లో పంపాడు. నోట్లో నోటు, చెవిలో చెవిగా కబురు పాకింది. మూడు నెలల్లో వచ్చినవి లెక్కపెడితే డెబ్భై ఒకటి!

వీళ్లందరి మీదా ఆమె ఒకప్పుడు కోపం పెంచుకున్నారు. ఎవరికి ఏ పుస్తకం ఏ రోజు ఇచ్చారో ట్రంకాల్ టికెట్ రాసినట్టు నోటుబుక్కులో రాసేవారు. ఏడాది దాటితే ఎర్ర గీత. రెండు ఎర్ర గీతలు పడ్డవాళ్లకు మళ్లీ పుస్తకం ఇచ్చేది లేదు. బీరువా తలుపు మీద 'అరువు లేదు' అన్న కాగితం కూడా అంటించారు. 'తీరా చూస్తే నా పుస్తకాలను కాపాడింది ఎర్ర గీతలవాళ్లే. చెప్పిన టైముకు తిరిగిచ్చిన బుద్ధిమంతుల పుస్తకాలన్నీ నీళ్లపాలయ్యాయి!'

తిరిగొచ్చినవాటిలో ఒకటి తెరిచి ఆమె చాలాసేపు మాట్లాడలేకపోయారు. ఆటో డ్రైవరు తెచ్చిన క్యారీబ్యాగులోదే అది. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు'. బాపు బొమ్మలతో వంద కథలు. 1979లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు పొందిన పుస్తకం. మొదటి పేజీలో ఆయన చేతిరాత. తేదీ, లెనిన్ సెంటర్, ధర. ఆయన రాసిన పేజీల్లో మిగిలింది అదొక్కటే. ఆ సంపుటిలోని తొలి కథ పేరు కూడా 'వరద' కావడం ఆమెను మరీ కదిలించింది. కృష్ణ పొంగి ఊరు మునిగితే మనుషుల మధ్య గోడలు కాసేపు కరిగిపోయే కథ అది. 'మా మేడమీద ఆరు రోజులు అలాగే ఉంది. ఎవరి ప్లేటులో ఎవరు తింటున్నారో చూసుకోలేదు. నీళ్లు తగ్గాక మళ్లీ ఎవరి గేటు వాళ్లు వేసుకున్నారు. శంకరమంచి ఎప్పుడో చూసేశాడు ఇదంతా.'

ఈసారి కొత్తవాళ్లను చదువుతా!

2025 జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో జరిగింది. అది ముప్ఫై అయిదో ఉత్సవం. 1989లో మొదలైనప్పట్నుంచీ ఆమె వెళ్తూనే ఉన్నారు. ప్రతిసారీ తెలిసిన పేర్ల దగ్గరే ఆగేవారు. ఈసారి ఒక నియమం పెట్టుకున్నారు. ఒక పాత పుస్తకం కొంటే మూడు కొత్తవి కొనాలి. కొత్తవంటే తాను ఇంతవరకూ ఒక్క పేజీ కూడా చదవని రచయితలవి.

అలా చేతికొచ్చిన వాటిలో బండి నారాయణస్వామి 'శప్తభూమి' ఒకటి. 2019లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన నవల. పద్దెనిమిదో శతాబ్దం, హండె రాజుల ఏలుబడిలోని అనంతపురం ప్రాంతం. రాజుల కథలా మొదలెడతాం గానీ అందులో నిలిచిపోయేది మామూలు జనం, వాళ్ల కులాలు, కరువు. 'ఇంట్లో బురద వాసన పోకముందే నీళ్లు లేని సీమ గురించి చదివాను. నీళ్లు ఎక్కువై ఏడ్చేవాళ్లం మేము, లేక ఏడ్చేవాళ్లు వాళ్లు. రెండు చోట్లా ముందు పోయేది పేదవాడి కొంపే' అంటారామె.

మొదటి పాతిక పేజీలు మాత్రం కష్టపడ్డారట. కోస్తా చెవికి సీమ మాట ఓ పట్టాన ఎక్కదు. అప్పుడు ఎక్స్ఛేంజి అనుభవమే అక్కరకొచ్చింది. 'అవతలి మనిషి హలో అనగానే కర్నూలా, కరీంనగరా, కాకినాడా చెప్పేసేవాళ్లం. యాసంటే తప్పు కాదు, ఊరి చిరునామా. పుస్తకం కూడా అంతే. కళ్లతో చదివితే ఆగిపోతాం. చెవితో చదివితే సాగిపోతాం.' ఆ చిట్కాతోనే గోగు శ్యామల కథల పుస్తకం 'ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్ట తల్లి నయ్యం' కూడా పూర్తిచేశారు. ఆ పేరును నాలుగుసార్లు పైకి అనుకుంటే చాలు, సగం కథ చెప్పేస్తుందంటారు.

మధురాంతకం నరేంద్ర 'మనోధర్మపరాగం' ఇంకో తరహా. దీనికి 2022లో అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన తండ్రి మధురాంతకం రాజారాం కథలకు 1993లోనే అదే పురస్కారం దక్కింది. సంగీతాన్నీ నాట్యాన్నీ కాపాడుకొచ్చిన దేవదాసీ కుటుంబాల స్త్రీల జీవితాలు ఈ నవలకు నేపథ్యం. 'మనోధర్మం అంటే పాడేవాళ్లు అప్పటికప్పుడు తమ ఊహతో రాగాన్ని పెంచుకుంటూ పోవడం. వేదిక మీద అంత స్వేచ్ఛ ఉన్న మనిషికి ఇంట్లో ఎంత ఉంది? అది అడుగుతుంది పుస్తకం. రేడియోలో పాట విని ఆహా అనుకున్నాను గానీ, ఆ గొంతు ఏ ఇంట్లోంచి వచ్చిందని ఎప్పుడైనా ఆలోచించానా!'

అన్నిటికంటే ఆమెను కుదిపేసింది మాత్రం ఓ అనువాదం. తమిళనాడుకు చెందిన ఎ.రేవతి జీవితకథను పి.సత్యవతి తెలుగులోకి తెచ్చారు. పేరు 'ఒక హిజ్రా ఆత్మకథ'. ఈ అనువాదానికి 2019లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 'రైల్లో చప్పట్లు వినపడగానే కిటికీవైపు తిరిగిపోయేదాన్ని. యాభై ఏళ్లు పుస్తకాలు చదివిన మనిషిని! ఎవరెవరి కష్టాలకో కన్నీళ్లు పెట్టుకున్నాను, ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం చూడలేదు. ఈ పుస్తకం అయ్యాక చూస్తున్నాను. డబ్బులివ్వడం, ఇవ్వకపోవడం తర్వాత సంగతి. ముఖం చూసి లేదమ్మా అని చెప్పడం నేర్చుకున్నాను.' ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో కాస్త సిగ్గు వినిపిస్తుంది.

కన్నడ రచయిత్రి బాను ముష్తాక్ 'హార్ట్ ల్యాంప్' ఇంగ్లిష్‌లోనే చదివారు. పక్కన నిఘంటువు పెట్టుకుని, వారానికో కథ చొప్పున. మొత్తం పన్నెండు. దీపా భస్తి అనువదించిన ఈ సంపుటికి 2025 మేలో ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి వచ్చింది. కథల పుస్తకానికి ఆ గౌరవం దక్కడం అదే తొలిసారి. రచయిత్రి హాసన్‌కు చెందిన న్యాయవాది కూడా. కర్ణాటకలోని ముస్లిం ఇళ్లలో ఆడవాళ్ల బతుకులే కథలు. ఇళ్లలో వాడే కన్నడ, ఉర్దూ మాటలను అనువాదకురాలు అలాగే ఉంచేయడం ఆమెకు బాగా నచ్చింది. 'మనం ఇంగ్లిష్ నవలలు చదివేటప్పుడు వాళ్ల తిండి పేర్లు తెలిసే చదివామా? ఇప్పుడు వాళ్లనీ కొంచెం కష్టపడనివ్వండి' అని చిలిపిగా అంటారు.

అన్నీ పొగడ్తలే అనుకోకండి. చివాట్లూ ఉన్నాయి. కొత్త తెలుగు పుస్తకాల్లో అచ్చుతప్పులు ఆమెకు ఒళ్లుమంట. పెన్సిలుతో దిద్దుకుంటూ చదువుతారు. ఇక ముందుమాటలు... 'ఒక్క పెళ్లికి మూడు నిశ్చితార్థాలా! కథలో ఏముందో ముందే ముగ్గురు చెప్పేస్తే నేను చదవడమెందుకు? అందుకే ముందుమాట చివర్లో చదువుతాను.' అయిదొందలో వెయ్యో కాపీలు వేసి, అవి అమ్ముడవడానికే ఏళ్లు పడుతున్నాయని స్టాళ్లలో విన్నప్పుడు మాత్రం నొచ్చుకున్నారు. 'మా రోజుల్లో వారపత్రిక రావడం ఒక్క పూట ఆలస్యమైతే కొట్టువాడి మీద దండెత్తేవాళ్లం.'

ఫోన్లో దొరుకుతాయి కదా...

ఈ మాట ఆమెకు రోజుకొకరైనా చెబుతారు. ఆమెకు ఫోన్ మీద కోపమేమీ లేదు. జీవితమంతా ఫోన్లతోనే గడిచింది మరి! కొడుకు ట్యాబ్ కొనిచ్చాడు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన కథానిలయం వెబ్‌సైట్లో పాత పత్రికల కథలు స్కాన్ చేసి పెట్టారని తెలిశాక, తాను పోగొట్టుకున్న కొన్ని కథలు అందులో వెతుక్కున్నారు. ఒకప్పటి పత్రిక పేజీ అదే అక్షరాలతో, అదే బొమ్మతో తెర మీద కనిపించేసరికి చిన్ననాటి స్నేహితురాలు రైల్వేస్టేషన్లో ఎదురుపడ్డట్టు అనిపించిందట. రాత్రి కళ్లు అలిసిపోతే 'దాసుభాషితం' యాప్‌లో తెలుగు పుస్తకాలు వింటారు. 'ఆ మేడమీద నేను చదివి వినిపించినప్పుడే తెలిసింది, వినడం కూడా చదవడమేనని.'

మరి కాగితం ఎందుకు? ఆమె జవాబు సూటిగా ఉంటుంది. 'ఫోన్లో ఉన్నది నాకొక్కదానికే ఉంటుంది. కాగితం పుస్తకం అయితే ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్తుంది. ఇస్తూ నాలుగు మాటలు, తీసుకుంటూ నాలుగు మాటలు. వరద తర్వాత నా గుమ్మంలోకి మనుషులొచ్చింది ఆ మాటల కోసమే.'

అరువు ఉంది!

ఇప్పుడామె ఇంట్లో ఒక్కటే బీరువా. అదీ మేడమీద, మెట్ల మలుపులో. తాళం లేదు. 'అరువు లేదు' కాగితం స్థానంలో కొత్తది అంటించారు: 'చదివాక నాకివ్వకండి. ఇంకొకరికివ్వండి. ఎవరికిచ్చారో మాత్రం చెప్పండి.' నోటుబుక్కులో ఎర్ర గీతలు ఆగిపోయాయి. ఒక్కో పుస్తకానికి ఒక్కో పేజీ. అందులో ఆ పుస్తకం ఏ ఊళ్లు తిరుగుతోందో రాసుకుంటారు. అచ్చం ట్రంక్ లైను కలిపినట్టే. 'శప్తభూమి' గుంటూరులో ఉంది. 'ఒక హిజ్రా ఆత్మకథ' టైలరమ్మ దగ్గర్నుంచి ఆమె కూతురి కాలేజీ హాస్టలుకు వెళ్లింది. షాడో పుస్తకాలైతే ఆ వీధి పిల్లల దగ్గరే చక్కర్లు కొడుతున్నాయి.

వందేళ్ల కిందట ఈ ఊళ్లో జరిగింది కూడా ఇలాంటిదే. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ ఇక్కడే జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్లు ఊరూరా తిరిగి, పుస్తకం బీరువాలో ఉంటే చాలదని, మనిషి దగ్గరికి నడవాలని చాటారు. పడవల్లో కూడా పుస్తకాలు ఊళ్లకు పంపిన ఉద్యమమది. 'వాళ్లు పడవల్లో పుస్తకాలు పంపారు. నా పుస్తకాలు పడవలు లేక మునిగాయి' అని తన మీద తనే జోకు వేసుకుంటారు పుస్తకాల మామ్మ.

ఒక్క పుస్తకం మాత్రం చాలాకాలం ఆ బీరువాలోకి రాలేదు. 'అమరావతి కథలు'. గుడ్డలో చుట్టి దేవుడి గదిలో పెట్టుకున్నారు. ఆయన చేతిరాత ఉన్నది అదొక్కటే కదా! ఎవరడిగినా 'అదొక్కటీ వద్దమ్మా' అనేవారు.

ఎక్స్ఛేంజి రోజుల స్నేహితురాలొకావిడ ఖమ్మంలో ఉంటారు. 2024 సెప్టెంబరు 1నే అక్కడ మున్నేరు పొంగింది. బెజవాడలో ఈవిడ ఇల్లు మునిగిన రోజే ఖమ్మంలో ఆవిడ ఇల్లూ మునిగింది. ఆవిడ పుస్తకాలూ పోయాయి. కాకపోతే అరువు తీసుకుని తిరిగిచ్చేవాళ్లు ఆవిడకు లేరు. ఎవరికీ ఇచ్చే అలవాటు లేదు మరి! ఓ రోజు ఫోన్లో మాటల మధ్య, 'అమరావతి కథలు ఒక్కటైనా మిగిలినా బాగుండేదే. నైట్ డ్యూటీలో ఇద్దరం ఒకే పుస్తకం పంచుకుని చదివాం, గుర్తుందా?' అన్నారావిడ.

కొత్త కాపీ కొని పంపొచ్చు. ముందు అలాగే అనుకున్నారు. రెండు రోజులు ఆలోచించారు. మూడో రోజు గుడ్డ విప్పి, ఆయన రాత కింద తాను కూడా తేదీ వేసి, 'ఖమ్మం వెళ్తోంది' అని రాసి ఆ పుస్తకాన్నే పార్సిల్ కట్టారు.

కొడుకు విని ఆశ్చర్యపోయాడు. 'నాన్న రాత ఉన్నది అదొక్కటే కదమ్మా, ఎలా ఇచ్చేశావు?' అన్నాడు.

'ఇచ్చాను కాబట్టే కదరా, ఒకసారి మిగిలింది!'

పుస్తకాలు తడిస్తే...

* తడిసి ఉబ్బిన పుస్తకాన్ని బలవంతంగా తెరవకూడదు. పేజీలు చిరుగుతాయి. పైనున్న బురదను శుభ్రమైన నీటితో మెల్లగా కడగాలి, అదీ పుస్తకం మూసి ఉంచే.

* నీళ్లు కారిపోయాక నిలబెట్టి, ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. ఎండలో పెడితే అట్టలు వంకర్లు తిరుగుతాయి, కాగితం పెళుసుబారుతుంది.

* కొంత ఆరాక కొన్ని పేజీలకొకటి చొప్పున నీళ్లు పీల్చే తెల్ల కాగితం పెట్టి, తడిసినప్పుడల్లా మార్చాలి.

* నునుపైన ఆర్ట్ పేపరు పుస్తకాలు ఆరే కొద్దీ అతుక్కుపోతాయి. తడి ఉండగానే పేజీల మధ్య కాగితాలు పెట్టాలి.

* రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. ఒకేసారి అన్నీ ఆరబెట్టడం కుదరకపోతే, విలువైన వాటిని ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి ఫ్రీజర్‌లో ఉంచితే బూజు ఆగుతుంది. తర్వాత ఒక్కొక్కటిగా తీసి ఆరబెట్టుకోవచ్చు.

* బూజు పట్టినవాటిని ముట్టుకునేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు తప్పనిసరి. వాటిని మిగతా పుస్తకాలకు దూరంగా ఉంచాలి.